స్పీడు బ్రేకరు అడగబోతే

మా వీధి మొదట్లో ఒక స్పీడు బ్రేకరు వేయించమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాను. ఇరవై రెండు నెలలకు అక్కడ పని పూర్తయింది. స్పీడు బ్రేకరు మాత్రం పడలేదు. మధ్యలో ఏమి జరిగిందో రాసి పెడితే, ఇలాంటి అర్జీ పట్టుకుని బయలుదేరే మరొకరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన కథ అనుకోకండి. అదీ ఉంది, కాదనను. దానికన్నా టేపు కొలతలే ఎక్కువ ఉన్నాయి.

మాది పెద్ద రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే వీధి. మలుపు దాటిన కొద్ది దూరంలోనే ప్రాథమిక పాఠశాల ఉంది. పెద్ద రోడ్డు మీద అలవాటైన వేగాన్ని బండ్లు మా వీధిలోకి కూడా వెంటబెట్టుకుని వచ్చేవి. నేను పని చేసుకునే బల్ల కిటికీ పక్కనే ఉంటుంది. రోజుకు రెండు మూడు సార్లు బ్రేకు కీచుమనేది. తలెత్తి చూసేసరికి అంతా సర్దుకుని, ఎవరి దారిన వారు పోతూ ఉండేవారు. ఒకరోజు మాత్రం ఎదురింటి పెద్దావిడ రోడ్డు మధ్యలోంచి వెనక్కి అడుగు వేయబోయి కూలబడ్డారు. బండి తగల్లేదు. మోచేయి చెక్కుకుపోయింది. సాయంత్రం పలకరించడానికి వెళితే, "అటు నుంచి వస్తున్నది నాకు కనిపించనే లేదు బాబూ, ఎంత వేగం!" అన్నారు. అందులో రెండో సగమే నా చెవికెక్కింది. ఇంటికి వచ్చి అర్జీలో స్పీడు బ్రేకరు అని రాశాను.

అర్జీకి నంబరు త్వరగానే వచ్చింది. జవాబుకు ఏడు వారాలు పట్టింది. "మీరు పేర్కొన్న కూడలి ప్రస్తుతం ప్రాధాన్య జాబితాలో లేదు" అని ఒక్క వాక్యం. జాబితా అంటే ఏమిటో తెలుసుకుందామని ఆఫీసుకు వెళ్లాను. రోడ్ల విభాగంలో ట్రాఫిక్ పని చూసే ఇంజనీరు గారిని కలవమన్నారు. యాభై దాటిన మనిషి. బల్ల మీద ఫైళ్లు, ఫైళ్ల మీద బరువుగా ఒక పాత ఉక్కు టేపు.

ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పి పట్టణం పటం చూపించారు. పోలీసు రికార్డుల్లోంచి గత మూడేళ్ల ప్రమాదాలు తీసుకుని ఒక్కొక్కటీ ఒక్కో చుక్కగా పెడతారు. మరణానికి ఎక్కువ మార్కులు, తీవ్ర గాయానికి అంతకు తక్కువ, చిన్న దెబ్బలకు ఇంకా తక్కువ. ఎక్కడ మార్కులు ఎక్కువ పోగైతే పని అక్కడ మొదలవుతుంది. మా మలుపు దగ్గర ఒకే చుక్క ఉంది, అదీ ఎప్పుడో బైకు జారి ఒకతను పడిన కేసు.

"అంటే ఎవరైనా పోతేగానీ మా వీధి మీకు కనిపించదన్న మాట" అన్నాను. అలాంటి చోట అందరూ అనే మాటే. వారానికి ఎన్నిసార్లు వింటారో, ఆయన ముఖంలో కదలిక లేదు. పెద్ద రోడ్డు మీద ఒక దట్టమైన చుక్కల గుంపు చూపించి, "ఇక్కడ ఇద్దరు పోయారండీ. ఉన్న డబ్బు ఒక్కటే. ఇది ఆపి మీ దగ్గరికి రమ్మంటారా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కుర్చీలోంచి లేవబోతుంటే ఆయనే ఆపి, ఈ చుక్కలను కూడా పూర్తిగా నమ్మలేమని చెప్పడం మొదలుపెట్టారు. ఒక చోట ఒక ఏడాది అనుకోకుండా ప్రమాదాలు ఎక్కువైతే, మరుసటి ఏడాది ఏమీ చేయకపోయినా అక్కడ తగ్గే అవకాశమే ఎక్కువ. మామూలు స్థాయికి తిరిగి రావడమే అది. ఈలోపు ఎవరో అక్కడ ఒక హెచ్చరిక బోర్డు పాతుతారు. బోర్డు వల్లే తగ్గిందని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. మరోవైపు, పోలీసుల దాకా వెళ్లని దెబ్బలు ఏ పటంలోనూ ఉండవు. ఎదురింటి పెద్దావిడ మోచేయి ఎక్కడా చుక్క కాలేదు కదా.

ఆయన వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదికలోని అంకె: రోడ్ల మీద ఏడాదికి 11 లక్షల 90 వేల మరణాలు. 5 నుంచి 29 ఏళ్ల వయసువారిని ఏ జబ్బుకన్నా ఎక్కువగా చంపుతున్నది రోడ్డే. దాని కింద చేతిరాతతో 'స్వీడన్, 1997' అని ఉంది. అదేమిటని అడిగాను. ఆ ఏడాది స్వీడన్ పార్లమెంటు ఒక లక్ష్యం పెట్టుకుంది: రోడ్డు మీద మరణాలు, తీవ్ర గాయాలు సున్నాకు రావాలి. లక్ష్యం కన్నా దాని వెనకున్న ఆలోచనే పెద్దదని ఆయన అభిప్రాయం. మనిషి పొరపాటు చేస్తాడు, చేయక మానడు. ఆ పొరపాటుకు శిక్ష చావు కాకుండా రోడ్డును కట్టాలి. ప్రమాదం జరిగితే తప్పు నడిపినవాడిదా, నడిచినవాడిదా అని తేల్చి చేతులు కడుక్కుంటే సరిపోదు, ఆ రోడ్డు గీసినవాడిది కూడా. "అంటే నాది" అన్నారు, టేపును పక్కకు జరుపుతూ.

మరి చుక్కలు లేని చోట ఏమి చేయాలి? త్రుటిలో తప్పిన ప్రమాదాలను లెక్కపెట్టాలి. ఇది నిజంగా ఒక పద్ధతి అని అప్పటిదాకా నాకు తెలియదు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టర్ హైడెన్ అనే పరిశోధకుడు దీన్ని తీర్చిదిద్దాడు. కూడలి దగ్గర నిలబడి, ఇద్దరిలో ఒకరు ఆఖరి క్షణంలో తప్పుకోకపోతే ఢీకొనేవారే అనిపించిన సంఘటనలను రాసుకోవాలి. ఎంత వేగంతో వస్తున్నారు, తప్పుకునే సమయానికి ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయి అన్నవి ముఖ్యం. సరిగా చేయాలంటే శిక్షణ కావాలి. మాకు ఆయన ఇచ్చింది దానికి బాగా సులభం చేసిన ఒక పేజీ ఫారం. గట్టిగా బ్రేకు పడిందా, నడిచేవారు పరుగెత్తారా లేక వెనక్కి తగ్గారా, సమయం, వాతావరణం. అంతే.

బడి టీచరు ఒకరు, పక్కింటాయన, నేను వంతులు వేసుకుని నాలుగు ఉదయాలు నిలబడ్డాం. మొదటి రోజు నాకు ఏమీ కనిపించలేదు. పెన్ను పట్టుకుని నిలబడితే ప్రపంచమంతా బుద్ధిగా నడుస్తున్నట్టు ఉంటుంది. రెండో రోజు నుంచి కళ్లు కుదురుకున్నాయి. ఎక్కువమంది పిల్లలు దాటే తీరు ఒకటే: కాలిబాట అంచు నుంచి రెండు అడుగులు ముందుకు, అక్కడ ఆగి మెడ సాచడం, ఒక అడుగు వెనక్కి, మళ్లీ ముందుకు. పెద్దలది కూడా అదే నాట్యం. ఎందుకలా అని మాలో ఎవరికీ తోచలేదు. నాలుగు ఉదయాల్లో పదిహేడు సంఘటనలు రాశాం. వాటిలో ఆరింటిలో టీచరు గారి చేతిరాత వణికినట్టు ఉంది.

ఆ కాగితాలు పనిచేశాయి. పటంలో చుక్క పడలేదు గానీ, మా మలుపును 'పరిశీలన' అనే వేరే వరుసలోకి చేర్చారు. మూడు వారాల తరువాత ఒక ఉదయం రోడ్డుకు అడ్డంగా రెండు నల్లటి రబ్బరు గొట్టాలు కనిపించాయి. వాటి చివర స్తంభానికి తాళం వేసిన పెట్టె. చక్రం గొట్టం ఎక్కగానే లోపలి గాలి నొక్కుకుని పెట్టెకు కబురు వెళుతుంది. రెండు గొట్టాల మధ్య దూరం తెలుసు, పట్టిన కాలం తెలుస్తుంది, అక్కడి నుంచి వేగం లెక్క వస్తుంది. మొదటి రోజు లెక్కను పక్కన పెట్టేశారు. గొట్టాలు చూసి పోలీసుల పని అనుకుని అందరూ నెమ్మదించారట.

వారం తరువాత వచ్చిన అంకె 47. సగటు కాదు. నూరు బండ్లను తక్కువ వేగం నుంచి ఎక్కువ వేగానికి వరుసలో నిలబెడితే ఎనభై అయిదో బండి వేగం. ఇంజనీర్లు చూసేది ఎక్కువగా ఇదే. మా వీధిలో పరిమితి 30 కిలోమీటర్లు.

ఇంజనీరు గారు టేపుతో మా వీధికి వచ్చిన రోజును మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి.

ఉదయం ఏడున్నర. ఆయన, ఒక సహాయకుడు, నేను. మలుపు దగ్గర కాలిబాట అంచున నిలబడి పెద్ద రోడ్డు వైపు చూశారు. తరువాత ప్యాంటు మోకాళ్లు పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నారు. ఏదైనా పడిపోయిందేమో అనుకున్నాను. "మీరూ రండి, ఇలా కూర్చుని చూడండి" అన్నారు. కూర్చున్నాను. బడి పిల్లవాడి కళ్లు నేల నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే పెద్ద రోడ్డు లేదు, వచ్చే బండి లేదు. నా కళ్ల ముందు ఉన్నదల్లా ఒక నీలం రంగు కారు తలుపు. తలుపు మీద ఎండిన మట్టి చారలు. పిల్లలు రెండు అడుగులు ముందుకు వేసి మెడ ఎందుకు సాచుతున్నారో, పెద్దావిడకు ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది.

"ఈ కారు ఎవరిదండీ, రోజూ ఇక్కడే ఉంటుందా?" అని అడిగారాయన.

నాదే. తొమ్మిదేళ్లుగా అక్కడే పెడుతున్నాను.

ఆయన ఏమీ అనలేదు. సహాయకుడు నవ్వు ఆపుకోవడానికి టేపు చుట్టే పనిలో పడ్డాడు. ఇంజనీరు గారు సుద్దముక్కతో రోడ్డు మీద ఒక గీత గీసి, అక్కడి నుంచి పదమూడు మీటర్లు కొలిచి మరో గీత గీశారు. ఆ రెండు గీతలతో ఆయన చెప్పిన లెక్కను నేను ఇప్పటికీ ఎదుటివారికి అప్పజెపుతూ ఉంటాను. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా. పిల్లవాడు కనిపించి కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను అనుకుంటే, ఎనిమిది మీటర్లు అందులోనే పోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే మరో ఐదు. పదమూడు మీటర్లలో కారు ఆగుతుంది. అదే 50 అయితే సెకనుకు దాదాపు పద్నాలుగు మీటర్లు. 30తో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయిన గీత దగ్గరికి 50తో వచ్చిన కారు చేరేసరికి, డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడనే లేదు. ఉన్న వేగంతోనే వచ్చి తగులుతుంది.

ఆ రాత్రి కారును రెండు వీధుల అవతల పెట్టి నడిచి వచ్చాను. మరుసటి రోజు ఆ ఖాళీలో ఎవరో తెల్ల వ్యాను పెట్టారు, అది నా కారుకన్నా ఎత్తు.

ఇక స్పీడు బ్రేకరు సంగతి. ఎందుకు వేయరని అడిగితే ఆయన దానికి చరిత్ర దగ్గర నుంచి ఎత్తుకున్నారు. 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థర్ కాంప్టన్, తాను నడిపే విశ్వవిద్యాలయం ఆవరణలో బండ్ల జోరు చూడలేక 1953లో స్పీడు బ్రేకర్లు ఎలా ఉండాలో స్వయంగా లెక్కగట్టాడట. అంతటివాడు కూర్చుని లెక్క వేయవలసిన వస్తువును మనం మిగిలిన సిమెంటుతో రాత్రికి రాత్రి పోసేస్తున్నామని ఆయన బాధ. సన్నగా, నిటారుగా పోసిన గుబ్బతో చిక్కు ఏమిటంటే, వేగంగా దూకించే బండికి కుదుపు ఒక్కోసారి తక్కువగా తెలుస్తుంది, స్ప్రింగులు మింగేస్తాయి. 1970లలో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలలో వాట్స్ అనే ఇంజనీరు రకరకాల ఆకారాలు పరీక్షించి, సుమారు 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రటి వంపు ఉంటే వేగం పెరిగే కొద్దీ కుదుపు కూడా పెరుగుతుందని తేల్చాడు. మా మలుపు దగ్గర అంత పొడవుకు చోటే లేదు. మలుపులోనే వేస్తే వంగి తిరిగే బైకు జారుతుంది. మలుపు దాటాక వేస్తే పిల్లలు దాటే చోట వేగం అలాగే ఉంటుంది.

ఆయన గీసిన నక్షాలో మూడు మార్పులు ఉన్నాయి. మలుపు అంచు బాగా గుండ్రంగా, విశాలంగా ఉంది. అందుకే బండ్లు స్టీరింగు పెద్దగా తిప్పకుండానే దూసుకుని వస్తున్నాయి. ఆ గుండ్రాన్ని బిగిస్తే తిరగాలంటే నెమ్మదించక తప్పదు. పైగా దాటవలసిన వెడల్పు 13 మీటర్ల నుంచి 8కి తగ్గుతుంది. సెకనుకు 0.8 మీటరు నడిచే పెద్దావిడకు పదహారు సెకన్ల దారి పది సెకన్లవుతుంది. రెండోది, దాటే చోట రోడ్డునే కాలిబాట ఎత్తుకు లేపడం. అప్పుడు మనిషి రోడ్డులోకి దిగడు, బండే కాలిబాట మీదికి ఎక్కి దిగినట్టు ఉంటుంది. మూడోది మీరు ఊహించే ఉంటారు: మలుపుకు రెండు పక్కలా పది మీటర్ల మేర పార్కింగు నిషేధం.

ఇక్కడ ఒక అడ్డంకి వచ్చి ఐదు నెలలు తినేసింది. మా వీధి మునిసిపాలిటీది, పెద్ద రోడ్డు వేరే శాఖది. మలుపు గుండ్రంలో కొంత ఇటు, కొంత అటు. సరిహద్దు ఎక్కడ అన్నదాని మీద ఉత్తరాలు నడిచాయి. ఆ ఉత్తరాల గురించి ఇంతకన్నా రాయను, రాస్తే నాకే మళ్లీ నీరసం వస్తుంది. చివరికి పెద్ద రోడ్డు వైపు ఏమీ ముట్టుకోకుండా, మా వీధి హద్దులోనే పని సర్దుకునేలా నక్షాను అర మీటరు లోపలికి జరిపారు.

తరువాత వీధివారితో సమావేశం. వార్డు సభ్యురాలు, ఇంజనీరు గారు, మేం ముప్ఫై మందిమి, పాఠశాల హాలులో పిల్లల బల్లల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. అందరూ భద్రతకు అనుకూలమే. పార్కింగు పోవడానికి మాత్రం ఎవరూ అనుకూలం కాదు. పదకొండు చోట్లు పోతాయి. వార్డు సభ్యురాలు ఆ పదకొండును ఇళ్లుగా, ఇళ్లను ఓట్లుగా మనసులో గుణించుకోవడం ముఖంలో కనిపించింది. ఆమెను తప్పుపట్టను, అది ఆమె వృత్తి. ఒకాయన తన భార్యకు గుండె జబ్బు ఉందని, అంబులెన్సు ఈ ఎత్తు దగ్గర ఆగిపోతే ఎలాగని అడిగారు. అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఎత్తు చేసిన ప్రతి చోటా అంబులెన్సుకు, అగ్నిమాపక బండికి కొన్ని సెకన్లు పోతాయి. అందుకే దారి పొడవునా వరసగా వేయకూడదు. ఇక్కడ ఒక్కటే, అదీ ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, ఏటవాలు మెత్తగా ఉంటుందని నక్షా చూపించి చెప్పారు. మరొకరు రాత్రిళ్లు సరుకు లారీలు ఎక్కి దిగేటప్పుడు చప్పుడవుతుందన్నారు. అవుతుంది కూడా. ఇప్పుడు అప్పుడప్పుడు నాకే వినిపిస్తుంది.

"కార్లు తీసేస్తే ప్రమాదాలు తగ్గుతాయని ఎక్కడైనా రుజువైందా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. దీనికి నేను సిద్ధపడి వెళ్లాను. అమెరికాలోని హోబోకెన్ పట్టణంలో కూడళ్ల మూలల దగ్గర కార్లు నిలపకుండా చేసి, మూలలు తెరిచారు. వేగ పరిమితి తగ్గించడం వంటివి కూడా తోడయ్యాయి. 2017 జనవరి తరువాత ఏళ్ల తరబడి అక్కడ రోడ్డు మరణం ఒక్కటీ నమోదు కాలేదు. నార్వే రాజధాని ఓస్లోలో నగర మధ్యభాగంలో పార్కింగు తీసేసి వేగాలు తగ్గించాక, 2019లో పాదచారులు, సైకిలు మీద వెళ్లేవారు ఒక్కరు కూడా చనిపోలేదు. బాగానే చెప్పాననుకున్నాను. హాలులో చలనం లేదు. ఓస్లో ఎవరికి కావాలి?

అప్పుడు ఆ నీలం కారు నాదేనని చెప్పాను. గొంతుక్కూర్చుని చూసిన సంగతి చెప్పాను. ఎవరో నవ్వారు. పెద్దావిడ నా వైపు తిరిగి, "నీదేనా బాబూ అది!" అన్నారు. అందులో కోపం లేదు, ఉత్త ఆశ్చర్యం. కోపం ఉన్నా బాగుండేది.

నా గొప్పతనం అనుకోకండి. సమావేశానికి ముందు రోజే ఇంజనీరు గారిని పక్కకు పిలిచి, ఆ పది మీటర్లను ఎనిమిది చేస్తే నా కారుకు కాస్త చోటు మిగులుతుందేమో చూడమని అడిగాను. ఆయన టేపు నా చేతికిచ్చి, "కూర్చుని మీరే కొలిచి చెప్పండి" అన్నారు. కొలవలేదు.

నిర్ణయం ఏమిటంటే, మొదట ఎనిమిది వారాలు తాత్కాలికంగా పెట్టి చూద్దామని. మునిసిపాలిటీలకు ఇది తెలివైన దారి. కాంక్రీటు పోశాక తప్పు తెలిస్తే పగలగొట్టాలి, ప్లాస్టిక్ గుంజను రెంచితో విప్పి అటు జరపవచ్చు. రంగు గీతలు, వంగి లేచే గుంజలు, ఇసుక నింపిన పీపాలు వచ్చాయి. మూడో రోజు తెల్లవారుజామున చెత్త లారీని ప్రత్యేకంగా పిలిపించి మలుపు తిప్పించారు. ముందు చక్రాలు గీత లోపలే చక్కగా తిరిగాయి. వెనక చక్రం మాత్రం లోపలికి కోసుకుని వచ్చి ఒక గుంజను పడుకోబెట్టి మరీ వెళ్లింది. పెద్ద బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, అంతకన్నా లోపలి నుంచి వస్తాయి. సహాయకుడు చక్రం నడిచిన జాడ వెంట సుద్దతో గీసుకుంటూ వెళ్లాడు. గుంజలు నలభై సెంటీమీటర్లు వెనక్కి జరిగాయి. లారీ డ్రైవరు కిందికి దిగి, "ఇప్పుడు సరిపోతుంది సార్, కానీ ఎవరైనా అక్కడ కారు పెడితే నేను తిరగలేను" అన్నాడు. పార్కింగు నిషేధానికి అన్నిటికన్నా బలమైన వాదన ఆయనదే. నక్షా ఫైలులో అది కూడా రాసుకున్నారు.

ఎనిమిది వారాల తరువాత కౌన్సిల్ ఆమోదం పెద్ద చర్చ లేకుండానే దొరికింది. డబ్బు ఎలా దొరికిందో చెబితే నవ్వుతారు. మా వీధికి ఆ ఏడాది ఎలాగూ కొత్త తారు వేయాల్సి ఉంది. తారు వేసే పనిలోనే మలుపును, దాటే ఎత్తును కలిపేశారు. విడిగా అడిగితే ఏళ్లు పట్టే పని, మరమ్మతు పనిలో తోకలా కలిసిపోయింది. అర్జీ పెట్టేవారికి నా సలహా ఒకటే: మీ రోడ్డుకు మళ్లీ తారు ఎప్పుడో ముందు కనుక్కోండి.

పని జరుగుతున్న పది రోజులూ నేను బల్ల దగ్గర పని చేయలేదు. ఇంజనీరు గారికి బండ్ల కన్నా నీటి మీద ఎక్కువ బెంగ. రోడ్డుకు అడ్డంగా ఎత్తు కడితే అది ఒక చిన్న ఆనకట్టే. వాననీరు అంచున పోయే దారి మూసుకుపోతుంది. ఎత్తుకు ముందు కొత్త జాలీ, కింద గొట్టం పెట్టించారు. అయినా మొదటి వానకు ఒక మూల చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. పిల్లలు ఆ మడుగు తప్పించుకోవడానికి రోడ్డులోకి దిగి చుట్టూ తిరిగి వెళ్లారు. ఇంత చేసింది దేనికి! వారంలో జాలీని కిందికి దించి సరిచేశారు.

జీబ్రా గీతలు వేయడం చూడముచ్చటగా ఉంటుంది. ఈ చారలు అధికారికంగా 1951లో బ్రిటన్‌లో మొదలయ్యాయి. కరిగించిన వేడి తెల్ల పదార్థాన్ని చిన్న బండితో లాక్కుంటూ పరిచారు. అది ఆరేలోపే ఒకతను దాని మీద సన్నని గాజు పూసల పొడి చల్లుతూ వెనకే నడిచాడు. రాత్రి హెడ్‌లైటు పడితే గీత మెరిసేది ఆ పూసల వల్లనే. వేలితో తాకి చూశాను, ఇసుక కాగితంలా గరుకుగా ఉంది.

ఆఖరున ఒక తప్పు జరిగింది. చూపు లేనివారికి దారి తెలిసేందుకు కాలిబాట అంచున బొడిపెలు, గాట్లు ఉన్న పలకలు వేస్తారు. జపాన్‌లోని ఒకాయామాలో సెయిచీ మియాకే రూపొందించిన పలకలు 1967లో మొదటిసారి వేసింది కూడా ఒక అంధుల పాఠశాల దగ్గరి దారిలోనే. మా దగ్గర పలకల గాట్లు మలుపు వంపును అనుసరించి వేసేశారు. చూడటానికి ఎంతో అందంగా కుదిరాయి. వాటిని నమ్ముకుని నడిస్తే మాత్రం జీబ్రా మీదికి కాక, ఏటవాలుగా కూడలి మధ్యలోకి వెళతారు. ఇది పట్టుకున్నది ఇంజనీరు గారు కాదు, నేను అంతకన్నా కాదు. చేతికర్రతో నడిచే ఒక సంగీతం మాస్టారు రెండు సార్లు నడిచి చూసి చెప్పారు. పలకలు పీకి మళ్లీ వేశారు.

పని అయిన మూడు నెలలకు నల్ల గొట్టాలు మళ్లీ వచ్చాయి. ఈసారి ఎనభై అయిదో బండి వేగం 34. సగటు వేగం ఒక శాతం మారితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు నాలుగు శాతం మారతాయని స్వీడన్‌కు చెందిన యోరాన్ నిల్సన్ సూత్రం ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని నేను పెద్ద అంకె ఒకటి లెక్కవేసి ఇంజనీరు గారికి చూపించాను. ఆయన కాగితం చూసి మడిచి వెనక్కి ఇచ్చారు. మీ దగ్గర మొదటి నుంచీ ఉన్నది ఒక్క చుక్క, ఒకటిలో నుంచి ఏమి తీసేస్తారు అన్నారు. మూడేళ్లు ఆగాక మాట్లాడదామన్నారు. ఫొటో మాత్రం ఆయనా దిగలేదు, నన్నూ దిగనివ్వలేదు.

పిల్లలు ఇప్పుడు అంచు దగ్గరే ఆగి, అక్కడి నుంచే చూసి దాటుతున్నారు. ముందుకు రెండు అడుగులు, వెనక్కి ఒకటి అన్న ఆ నాట్యం లేదు. కిటికీలోంచి చూస్తే నాకు తెలిసే తేడా అదే.

పోయిన నెల నుంచి, ఖాళీ చేసిన ఆ పది మీటర్లలో సరిగ్గా నా కారు ఉండే చోట, రోజూ ఉదయం ఒక బైకు నిలుస్తోంది. తరువాత రెండయ్యాయి. ఇంజనీరు గారికి ఫోను చేశాను. "రెండు ఇనుప గుంజలు పాతిద్దాం. అర్జీ రాసి పంపండి" అన్నారు.

"మళ్లీ అర్జీయా?"

"ఫైలు నంబరు పాతదే వేయండి."

కలం తీసుకుని కూర్చున్నాను.